ఎర్రకణానికి టీక

అవతారిక

జ్వరాల కాలం వస్తే మా పాలకుర్తిలో ఎవరి చేతిలో చూసినా ఒక సీబీపీ కాగితం ఉంటుంది. దాన్ని చదివే పద్ధతి కూడా ఊరందరికీ పట్టుబడింది. చూపు ముందు ప్లేట్‌లెట్ల దగ్గరికి పోతుంది. లక్షకు పైన ఉంటే మనసు కుదుటపడుతుంది, తగ్గితే బొప్పాయి ఆకు కోసం పెరళ్లు వెతుకుతారు. ఆ తరువాత తెల్లకణాలు. ఎర్రకణాల వరుస మీద ఎవరి చూపూ నిలవదు. నిలిచినా "రక్తం తక్కువున్నదట" అన్న ఒక్క మాటతో తేలిపోతుంది.

కిందటి వానకాలం మా పెద్దమ్మకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. మూడు వారాలు జ్వరం వదల్లేదు. మొదటి కాగితంలో పదకొండున్నర ఉన్న హిమోగ్లోబిన్ మూడో కాగితానికి తొమ్మిదిన్నరకు దిగింది. రక్తం ఎక్కడా కారలేదు, తిండి మరీ మానలేదు. మంచంలో గోడకు ఆనుకుని ఆమె నన్ను అడిగింది: "తెల్లయి కొట్లాడుతయి, ఎర్రయి గాలి మోస్తయి అని నువ్వే గద బడిల చెప్తవు. కొట్లాట తెల్లవాటిదైతే ఎర్రయెందుకు తగ్గినయి బిడ్డా?"

ఇరవై మూడేండ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. "ఎర్రరక్త కణాలు ........ ను రవాణా చేయును" అని ఖాళీ ఇచ్చి, అందులో ఆక్సిజన్ తప్ప మరేది రాసినా సున్నా చుట్టిన చెయ్యి నాది. పెద్దమ్మ ప్రశ్నకు మాత్రం నోట జవాబు రాలేదు.

మా ఊరు పాల్కురికి సోమనాథుడిది. ద్విపదలో బసవపురాణం చెప్పిన ఆ కవే సంస్కృతంలో సోమనాథ భాష్యమూ రాశాడు. తెనుగును జాను తెనుగుగా రాయాలన్నవాడికి భాష్యకారుడి ఓపిక కూడా ఉండేదన్నమాట. గుట్ట మీద సోమేశ్వరుడు, పక్కన నరసింహస్వామి. ఇదే మండలంలో పోతన పేరుతో వెలిగిన బమ్మెర. ఇలాంటి చోట పుట్టినవాడికి ఒక సంగతి అర్థం కాకపోతే చేయదగిన పని ఒకటుంది. దాన్ని ఒక వాక్యంగా కూర్చుకుని, పదం పదం విప్పి చూసుకోవడం. దాన్ని టీక అంటారు. రోగం రాకుండా వేసే సూదినీ మనం టీకా అనే అంటాం. ఈ వ్యాసంలో రెండూ ఒకచోట కలుస్తాయి కనుక ఆ పేరే పెట్టాను.

మూలం

కేంద్రకం లేని ఎర్రకణం, పూరకం అంటిన రోగనిరోధక సముదాయాన్ని, తన పొర మీది గ్రాహకంతో పట్టి, కాలేయంలో దించి, మళ్లీ రక్తంలోకి వస్తుంది.

ఈ వాక్యం ఏ గ్రంథంలోదీ కాదు, నాలుగు చోట్ల చదివింది నేనే కుట్టుకున్నాను. మూలం ఒక గీత, టీక పది పుటలు. ఇది వ్యాఖ్యాతలకు వంశపారంపర్యంగా వచ్చే జబ్బు, ఓర్చుకోవాలి.

ఎర్ర

ఎర్ర అనగా ఇక్కడ ఇనుము. హిమోగ్లోబిన్ అణువులో నాలుగు హీమ్ చట్రాలుంటాయి, ఒక్కో చట్రం నడుమ ఒక్కో ఇనుప పరమాణువు. ఆక్సిజన్ కూర్చునేది దాని మీదే. ఎదిగిన మనిషి ఒంట్లో ఉన్న ఇనుమంతా పోగుచేస్తే మూడు నాలుగు గ్రాములు, ఒక చిన్న మేకుకు సరిపోతుంది. అందులో మూడింట రెండు వంతులు ఎర్రకణాల్లోనే ఉంది.

పాలకుర్తిలో ఎర్ర అనగానే ఇంకో అర్థం ముందు తోస్తుంది. 1940లలో చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖ్‌కు ఎదురు నిలిచి, తాను పండించిన వడ్లను సంఘం అండతో తన ఇంటికే చేర్చుకున్న ఊరు ఇది. ఆ వడ్ల సంగతి ఊరికే ఎత్తలేదు. ఒంట్లో ఇనుము కథ కూడా గింజలు దక్కించుకునే కథే. బ్యాక్టీరియా పెరగాలంటే ఇనుము కావాలి. దానికి ఇనుము దొరకనివ్వకుండా దాచడం ఒంటికి తెలిసిన చాలా పాత రక్షణ. రక్తరసంలో ఇనుము ఒంటరిగా తిరగదు, ట్రాన్స్‌ఫెరిన్ దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఎర్రకణం పగిలి హిమోగ్లోబిన్ బయటపడితే హాప్టోగ్లోబిన్ వచ్చి కౌగిలించుకుంటుంది. దోపిడీదారు ఊరుకుంటాడా? స్ట్రెప్టోకాకస్, స్టెఫిలోకాకస్ జాతుల్లో కొన్ని ఎర్రకణాన్ని బద్దలు కొట్టే విషాలను తయారుచేసుకున్నాయి. గాదె పగలగొట్టి గింజ ఎత్తుకుపోయే పని.

అయితే ఆ గాదెలో ఒక మందుపాతర కూడా ఉందని 2007లో సింగపూర్ శాస్త్రవేత్తలు చూపించారు. కణం నుంచి బయటపడి ఆక్సీకరణం చెందిన హిమోగ్లోబిన్‌ను సూక్ష్మజీవి ఎంజైములు కొరికినప్పుడు అది సూపర్ఆక్సైడ్ వంటి దాహక రసాయనాలను పుట్టిస్తుంది. అవి పక్కనే ఉన్న ఆ సూక్ష్మజీవినే చంపుతాయి. ఎర్రకణం చనిపోయాక చేసే పని ఇది. మూలవాక్యంలో దీనికి చోటు దొరకలేదు, ఎర్ర అన్న మాట చాటున ఇరికించాను.

కణం

పూర్వపక్షం: కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు, ప్రోటీను తయారుచేసే రైబోజోములు లేవు, విభజన లేదు. దీన్ని కణమని ఎలా అంటారు? హిమోగ్లోబిన్ నింపిన సంచి అంటే సరిపోదా?

సమాధానం: చాలాకాలం సంచి అనే అనుకున్నారు. 1674లో లేవెన్‌హుక్ తన కటకంలో చూసి వర్ణించిన నాటి నుంచి చిన్న గుండ్రని బిళ్లలే. కానీ ఆ సంచి తోలు మీద ఏముందో చూసినవాళ్లు మాట మార్చుకున్నారు. ఆ వివరం గ్రాహకం దగ్గర వస్తుంది.

ఇక్కడ చెప్పాల్సింది లెక్క. మైక్రోలీటరు రక్తంలో, అంటే సూదిమొన మీద నిలిచే చుక్కలో, తెల్లకణాలు నాలుగు వేల నుంచి పదకొండు వేలు. ఎర్రకణాలు సుమారు యాభై లక్షలు. ఒక తెల్లకణానికి ఏడెనిమిది వందల ఎర్రకణాలన్నమాట. 2016లో అచ్చయిన ఒక అంచనా ప్రకారం మనిషి సొంత కణాలు సుమారు ముప్పై లక్షల కోట్లు, వాటిలో నూటికి ఎనభై నాలుగు ఎర్రకణాలే. తలలు లెక్కపెడితే మనిషంటే ఎర్రకణాల గుంపు. రోగం రక్తంలోకి దిగితే మొదట ఎవరికి తగులుతుందో ఈ లెక్కే చెబుతుంది.

కేంద్రకం లేని

ఈ విశేషణాన్ని అలంకారికులు చూస్తే హేతుగర్భ విశేషణం అంటారు. కడుపులో కారణం దాచుకున్న మాట.

ఎముక మూలుగలో పుట్టినప్పుడు ఎర్రకణానికీ కేంద్రకం ఉంటుంది. ముదిరే వేళ దాన్ని బయటికి నెట్టేస్తుంది. పక్కనే కాచుకుని ఉన్న మాక్రోఫేజ్ అనే భక్షక కణం ఆ కేంద్రకాన్ని మింగేస్తుంది. ఆ తరువాత మిగిలిన సామాను కూడా ఒక్కొక్కటే పోతుంది. ఖాళీ అయిన ఇంట్లో ఇరవై ఏడు కోట్ల హిమోగ్లోబిన్ అణువులు పడతాయి. మైటోకాండ్రియా లేనందున తాను మోసే ఆక్సిజన్‌ను తాను వాడుకోదు, గ్లూకోజును ఆక్సిజన్ లేకుండానే విరిచి ఏటీపీ చేసుకుంటుంది. (ఏటీపీ అనగానే తెలుగువాడు ఒక క్షణం ఆగాలి: 1929లో ఫిస్కేతో కలిసి దాన్ని కండరంలో గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు.)

ఇక హేతువు. వైరస్‌కు సొంత పనిముట్లు లేవు, దూరిన ఇంటివాడి పనిముట్లతోనే పిల్లల్ని పెడుతుంది. కేంద్రకమూ రైబోజోమూ లేని ఇంట్లో దానికి పని జరగదు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఎర్రకణం పొర మీది సియాలిక్ ఆమ్లపు తోకలను పట్టుకుంటుందని, పట్టుకుని కణాలను గుత్తులు కడుతుందని 1941లో జార్జ్ హర్స్ట్ చూశాడు. హెచ్1ఎన్1 అన్న పేరులోని హెచ్ ఆ పట్టే. ఎన్ అనేది అవసరమైనప్పుడు ఆ పట్టును తెంచుకునే కత్తెర. పిల్లలు పెట్టలేని ఇంటికి అతుక్కున్న వైరస్ వృథా అయినట్టే కనుక, ఎర్రకణాలు వైరస్‌లకు ఎరగా కూడా పనికొస్తాయని కొందరి వాదం. నాకిది అందంగా తోస్తుంది, కానీ కత్తెర చేతిలో ఉన్న దొంగకు ఈ ఉచ్చు ఎంత బిగుస్తుందన్నది వేరే మాట.

అందరి ఎర్రకణాలూ ఇలా ఉండవు. నాటుకోడి రక్తం ఒక చుక్క గాజుపలక మీద పరిచి చూస్తే ప్రతి ఎర్రకణం నడుమ నల్లని గింజలా కేంద్రకం కనబడుతుంది. చేపకూ అంతే. ట్రౌట్ చేప, కోడి ఎర్రకణాలకు వైరస్ ఆర్ఎన్ఏను పోలిన పదార్థం చూపిస్తే అవి రోగనిరోధక జన్యువులను మేల్కొలుపుతాయని 2011లో అచ్చయింది. మన ఎర్రకణం ఆ విద్యను కేంద్రకంతో పాటే వదిలేసింది.

"లేని" అన్న మాటకు రెండో అంచు కూడా ఉంది. మామూలు కణంలోకి శత్రువు దూరితే ఆ కణం లోపలి ముక్కలను తన గుమ్మం మీద వేలాడదీసి టీ కణాలనే తెల్లకణాలకు కబురు పెడుతుంది. ఎర్రకణానికి ఆ గుమ్మం లేదు. దీన్ని కనిపెట్టింది మలేరియా పరాన్నజీవి. అది వైరస్ కాదు, తన కేంద్రకాన్ని తానే వెంట తెచ్చుకుంటుంది. 1880లో లావెరాన్ అల్జీరియాలో ఎర్రకణాల్లో దాన్ని చూశాడు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ పొట్ట కోసి అదే జీవిని పట్టుకున్నాడు. రోగి రక్తం తాగిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడట. మన నేల మీద ఎర్రకణపు చరిత్రలో ఇంత పెద్ద రోజు మరొకటి లేదు. గోదావరి తీరపు కోయ గూడేల్లో, ఆదిలాబాద్ గోండు గూడేల్లో కనిపించే సికిల్ సెల్ జన్యువు కూడా ఈ పోరు మిగిల్చిన మచ్చే. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే ఫాల్సిపారమ్ మలేరియా ముదరకుండా కొంత అడ్డుకుంటుంది, రెండూ వస్తే మనిషిని జీవితమంతా నొప్పులతో వేధిస్తుంది.

పూరకం అంటిన

పూరకం అనగా పూరించేది. రక్తరసంలో ముప్పైకి పైగా ప్రోటీన్లు కలిసి చేసే పని ఇది. యాంటీబాడీ గుర్తుపట్టిన దాన్ని తుదముట్టించడంలో మిగిలిన పనిని పూరిస్తుంది కనుక ఎర్లిష్ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. దాని నడక తేల్చినవాడు బెల్జియం శాస్త్రవేత్త జూల్ బోర్డే, 1919 నోబెల్ ఆయనదే. బోర్డే ప్రయోగాల్లో పూరకం దెబ్బకు పగిలింది ఎవరో తెలుసా? పరాయి జంతువు ఎర్రకణాలు. పగిలితే ద్రవం ఎర్రబారుతుంది, కంటికి వెంటనే తెలుస్తుంది. పూరకాన్ని అర్థం చేసుకోవడానికి ఎర్రకణం అలా బలైంది. అదే పూరకానికి వాహనమని తెలియడానికి మరో అరవై ఏళ్ల దాకా పట్టింది.

అంటిన అన్న క్రియ మీద కొంచెం నిలవాలి. సీ3 అనే పూరక ప్రోటీన్ తెగినప్పుడు సీ3బీ అన్న ముక్క విడుదలై దగ్గరున్న పొరకు రసాయన బంధంతో అతుకుతుంది, కడిగినా పోదు. తెలుగులో అంటుకు ఎన్ని ముఖాలు! అంటువ్యాధి, మామిడి అంటు, తిన్నాక మిగిలే అంట్లు, ముట్టుకోవడం. సీ3బీ వీటిలో మామిడి అంటుకు దగ్గర, ఒకసారి కట్టుకున్నదంటే ఒకే చెట్టు. దారిన పోయే కణాలకు అది "ఇది మోయాల్సిన మూట" అని చెప్పే సున్నపు బొట్టు కూడా.

రోగనిరోధక సముదాయాన్ని

శత్రువు ముక్కలూ వాటిని పట్టిన యాంటీబాడీలూ ఒకదానికొకటి చిక్కుకుని కట్టే ముద్దను ఇలా అంటారు. గెలిచిన యుద్ధం మిగిల్చిన చెత్త. కానీ తీసేయకపోతే ఈ చెత్తే రోగం.

ఆ సంగతి మొదట పిల్లల వార్డుల్లో బయటపడింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో డిఫ్తీరియాకు గుర్రపు సీరం ఎక్కించేవారు. ప్రాణం నిలిచేది, కానీ వారం పదిరోజులకు ఒంటిమీద దద్దుర్లు, కీళ్ల నొప్పులు, కొందరికి మూత్రంలో ప్రోటీను. వియన్నాలో ఫాన్ పిర్కే, షిక్ 1905లో దీని మీద పుస్తకమే రాశారు. గుర్రపు ప్రోటీనూ పిల్లల యాంటీబాడీలూ కలిసి కట్టిన ముద్దలు కిడ్నీ వడపోతల్లో, కీళ్లలో, సన్నని రక్తనాళాల గోడల్లో కూర్చుని మంట రేపాయి. వాకిలి ఊడ్చిన చెత్తను కాలువలో పోస్తే ఏమవుతుందో మా ఊళ్లో వానకాలం ప్రతి ఏడూ చూస్తాం. అదే ఇది.

తన పొర మీది గ్రాహకంతో

గ్రహించడమంటే పట్టుకోవడం. గ్రహించడమంటే అర్థం చేసుకోవడం కూడా. ఎర్రకణం పొర మీద రెండు రకాల గ్రహణమూ ఉంది. ఇక్కడ టీక సాగుతుంది, చదివేవాళ్లు చాయ్ తెచ్చుకోవచ్చు.

మూలంలో చెప్పిన గ్రాహకం పేరు కాంప్లిమెంట్ రిసెప్టర్ 1, పొట్టిగా సీఆర్1. సీ3బీ బొట్టు ఉన్నదాన్ని పట్టుకోవడం దాని పని. డగ్లస్ ఫియరన్ 1979లో మనిషి ఎర్రకణపు పొర నుంచే దీన్ని వేరుచేశాడు, సీ3బీ పట్టేది ఇదేనని మరుసటి ఏడు తేల్చాడు. ఒక్కో ఎర్రకణం మీద ఇవి కొన్ని వందలే. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్ మీద వేలల్లో ఉంటాయి. అందుకే ఎర్రకణాన్ని పట్టించుకోలేదు. కానీ ఏడెనిమిది వందలకు ఒకటి అన్న పై లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది: తలా కొన్ని వందలే అయినా, రక్తంలో ఉన్న సీఆర్1 మొత్తంలో నూటికి ఎనభై అయిదుకు పైగా ఎర్రకణాల మీదే ఉంది. ఇంకో కారణం కూడా దీన్ని మరుగుపరచింది. ప్రయోగశాలలో అందరూ వాడే ఎలుక ఎర్రకణాల మీద ఈ గ్రాహకం లేదు, ఎలుకల్లో ఈ మోత ప్లేట్‌లెట్లది. ఎలుకను చూసి మనిషిని చదివితే మనిషిలో ఉన్న ఈ పని కనబడదు.

రెండోది డఫీ. 1950లో ఒక రోగి రక్తంలో దొరికిన యాంటీబాడీ వల్ల తెలిసి, ఆయన ఇంటిపేరే మోస్తున్న గ్రాహకం. మంట పుట్టిన చోటికి తెల్లకణాలను పిలిచే కీమోకైన్లు అనే కబుర్లుంటాయి కదా, వాటిలో చాలావాటిని ఇది పట్టి ఉంచుకుంటుంది. ఐఎల్-8 అనే కబురును ఎర్రకణాలు ఇంకించుకుంటాయని 1991లో తెలిసింది. ఊరంతా డప్పు మోగుతుంటే ఎవరూ ఎటూ పోలేరు. డప్పు ఒకచోట మోగి మిగతా చోట్ల అణిగితేనే దిక్కు తెలుస్తుంది. కబుర్ల గోలను అణచడం డఫీ పని. ఇదే డఫీ వైవాక్స్ మలేరియాకు గుమ్మం. పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కువమంది ఎర్రకణాల మీద డఫీ లేదు, అందుకే వైవాక్స్ అక్కడ అరుదని 1976లో మిల్లర్ బృందం చూపింది. మన దేశంలో డఫీ ఉన్నవాళ్లే ఎక్కువ, వైవాక్స్ కూడా హాయిగా ఉంది. సీఆర్1నూ ఫాల్సిపారమ్ వదల్లేదు. అది దూరిన ఎర్రకణాలు సీఆర్1ను పట్టుకుని మంచి కణాలను చుట్టూ పూరేకుల్లా అతికించుకుంటాయి. పొర మీద తలుపు పెట్టుకున్నాక చుట్టం ఒక్కడే వస్తాడని లేదు.

మూడోది అన్నిటికంటే కొత్తది, అర్థం చేసుకునే రకం. టీఎల్ఆర్9 అని, పరాయి డీఎన్ఏను గుర్తుపట్టే ప్రోటీన్. తెల్లకణాల్లో ఉంటుందని ఎప్పటినుంచో తెలుసు. ఎర్రకణాల మీద కూడా ఉందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నీలం మంగళ్‌మూర్తి బృందం చూపించింది. మామూలు రోజుల్లో అది రక్తంలో తేలే డీఎన్ఏ తునకలను ఎవరికీ తెలియకుండా ఏరుకుంటుంది. మన సొంత కణాలు పగిలి కారిన మైటోకాండ్రియా డీఎన్ఏ కూడా అందులోదే, అది బ్యాక్టీరియా డీఎన్ఏను పోలి ఉంటుంది కనుక. ఏరిపారేస్తే మంట రేగదు. సెప్సిస్‌లోనో, తీవ్రమైన కోవిడ్‌లోనో ఆ తునకలు వరదై వస్తే మాత్రం సంగతి వేరు. ఆ బృందం 2021లో అచ్చేసిన ఫలితాలను చివరి పదం కోసం దాచుకుంటున్నాను.

పట్టి

క్త్వార్థకం. పట్టడం ముందు, దించడం తరువాత అని క్రమం చెబుతుంది.

ఈ పట్టును స్పష్టంగా చూసినవాడు రాబర్ట్ నెల్సన్, 1953లో. యాంటీబాడీ, పూరకం రెండూ అంటిన బ్యాక్టీరియా మనిషి ఎర్రకణాలకు అతుక్కుంటుందని, అలా అతుక్కున్నదాన్ని తెల్లకణాలు మరింత తేలిగ్గా మింగుతాయని చూపి, దానికి ఇమ్యూన్ అడ్హెరెన్స్ అని పేరుపెట్టాడు. అంటే తెల్లకణం ఒంటరిగా వేటాడుతున్నదని మేం బడిలో గీసే బొమ్మలో, వేటను పట్టి ఉంచిన చెయ్యి ఒకటి గీయకుండా వదిలేశాం. 1981లో సీగల్, మరో ఇద్దరు లాన్సెట్ పత్రికలో ఎర్రకణాల రోగనిరోధక వ్యవస్థ అన్న పేరుతోనే వ్యాసం రాశారు. అప్పటికి నేను పలక పట్టుకుని బడికి పోతున్నాను. నేను పంతులునై, పిల్లల బొమ్మలు దిద్దే నాటికి కూడా ఆ మాట మా పాఠంలోకి రాలేదు.

కొన్ని వందల గ్రాహకాలతో అంత బరువు ఎలా ఆగుతుంది? ఒక్క సీఆర్1 పట్టు బలహీనమే. కానీ ఎర్రకణం మీద అవి గుంపులుగా చేరతాయి, ముద్ద మీద సీ3బీ బొట్లూ చాలా ఉంటాయి. ఒక్కో పోగు చేత్తో తెంపవచ్చు. పేనిన మోకు మీద తాటిచెట్టు ఎక్కే గౌడన్న ప్రాణం నిలుస్తుంది.

కాలేయంలో దించి

తలమీది గంప నిండుగా ఉంటే ఎవరూ ఒంటరిగా దించుకోలేరు. ఎదురొచ్చినవాళ్లను "జర చెయ్యెయ్యమ్మా" అని పిలవాలి. ఎర్రకణానికి ఆ చెయ్యి వేసేవి కాలేయంలోని కుఫ్ఫర్ కణాలు. 1876లో వాటిని వర్ణించిన కుఫ్ఫర్ పేరు మిగిలింది. గుండె తోసే రక్తంలో నాలుగో వంతు దాకా కాలేయం గుండానే పోతుంది. అక్కడి ఇరుకు సందుల్లో రక్తం నడక మందగిస్తుంది, గోడలకు ఆనుకుని ఈ కణాలు కూర్చుని ఉంటాయి. ప్లీహంలోనూ ఇలాంటివే కొన్ని ఉన్నాయి.

కోతుల మీద చేసి 1983లో అచ్చేసిన ప్రయోగాల్లో ఈ ప్రయాణం తేటగా కనిపించింది. రక్తంలోకి వదిలిన ముద్దలు నిమిషాల్లో ఎర్రకణాలనెక్కాయి, కాలేయం దగ్గర దిగిపోయాయి, ఎర్రకణాలు చెక్కుచెదరకుండా ముందుకు సాగాయి. కుఫ్ఫర్ కణం ముద్దను మింగుతుంది, మోసుకొచ్చినదాన్ని వదిలేస్తుంది. ఎర్రకణానికి జరిగే నష్టం ఒకటే: దించే తొందరలో సీఆర్1 కూడా తెగిపోతుంది. గంపతో పాటు తలమీది చుట్టబట్ట పోయినట్టు.

మళ్లీ రక్తంలోకి వస్తుంది

మళ్లీ అన్న మాటలో ఒక తరుగు ఉంది, పై చుట్టబట్ట వల్ల. ఎర్రకణం ఆయుష్షు నూట ఇరవై రోజులు. వయసు మీరేకొద్దీ దాని మీద సీఆర్1 తగ్గుతూ పోతుంది. కొత్తవి చేసుకోవడానికి కేంద్రకం లేదు. లూపస్ అనే రోగంలో, తన ఒంటి మీదే యాంటీబాడీలు తిరగబడి ముద్దలు ఆగకుండా పుడుతుంటే, ఎర్రకణాలు త్వరగా బోడివవుతాయి. లూపస్ రోగుల ఎర్రకణాల మీద ఈ గ్రాహకం తక్కువని 1981లోనే లాన్సెట్‌లో వచ్చింది. మోసేవాళ్లు తగ్గితే మూటలు దారిలో పడతాయి, దారి అంటే కిడ్నీ. లూపస్ కిడ్నీలను ఎందుకు అంత వేధిస్తుందో చెప్పే కారణాల్లో ఇదొకటి.

ఇక "వస్తుంది" అన్న క్రియ. ఇదే పెద్దమ్మ ప్రశ్న: అన్నీ వస్తాయా?

రావు. పరాయి డీఎన్ఏ తునకలు మితిమీరి టీఎల్ఆర్9కు అంటినప్పుడు ఎర్రకణం ఆకారం మారుతుంది. దాని పొర మీద సీడీ47 అనే గుర్తు ఉంటుంది, మాక్రోఫేజ్‌కు "నన్ను తినకు" అని చెప్పేది. ఆకారం మారినప్పుడు ఆ గుర్తు కనబడకుండా పోతుంది. మాక్రోఫేజ్ మొహమాటపడదు, మింగేస్తుంది. మూటతో పాటు మోతగాడూ పోతాడు. సెప్సిస్, కోవిడ్ రోగుల్లో రక్తం తగ్గడానికి ఇదొక దారి అని 2021 ఫలితాల సారం. రెండో దారి ఇనుముది. మంట రేగినప్పుడు ఐఎల్-6 అందించే కబురుతో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. అది పేగులోనూ మాక్రోఫేజుల్లోనూ ఇనుము బయటికొచ్చే తలుపు మూసేస్తుంది. బ్యాక్టీరియాకు గింజ దొరకకూడదని గాదెకు తాళం వేస్తే ఇంటివాళ్లకూ అన్నం తగ్గుతుంది. మూలుగకు ఇనుము అందదు, కొత్త ఎర్రకణాలు మందకొడిగా పుడతాయి. ఆ రోజుల్లో ఇనుము మాత్ర మింగినా సరిగా ఎక్కదు. మామూలు రోజుల్లోనే మన దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేండ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ లోటు మీద జ్వరం వచ్చి కూర్చుంటుంది.

ఇదంతా పెద్దమ్మకు చెప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది. రెండో సాయంత్రం ఆమె మధ్యలోనే ఆపింది. "అంటే గంప దించవోయినయి కొన్ని ఆడ్నే పాయె, ఇంట్ల గాదెకు తాళమేసిరి, అంతేనా?" అంతే అన్నాను. "మరి తాళమెప్పుడు తీస్తరు?" మంట చల్లారితే కాలేయమే తీస్తుందన్నాను. మూలుగ సెకనుకు ఇరవై లక్షల లెక్కన కొత్తవాటిని పంపుతుందని కూడా చెప్పాను. ఆ అంకె ఆమెకు నచ్చలేదు. "గన్ని పుడితే నాకు తొమ్మిదిన్నరెట్లుంటది" అని నన్ను అనుమానంగా చూసింది. చచ్చేవీ అన్నే ఉంటాయని చెబుతుంటే దుప్పటి తల మీదికి లాక్కుంది. రెండు నెలలకు తెచ్చిన కాగితంలో పదకొండు దాటింది.

ఈ యేడు పరీక్షలకు ప్రశ్నపత్రం నేనే రాశాను. ఎర్రకణాల ఖాళీ మళ్లీ ఇచ్చాను. చుక్కలు మాత్రం ఇదివరకటి కంటే పొడుగ్గా పెట్టాను, రెండు మూడు మాటలు పట్టేలా.